ఎక్కువ మంది ఉండే ఇండీ రాక్ బ్యాండ్‌ని లైవ్‌లో చూడటం ఎలా: ఎక్కడ నిలబడాలి, ఎవర్ని చూడాలి, ఏం వినాలి

ఇండీ రాక్ అంటే పెద్ద రికార్డు కంపెనీలకి బయట, సొంతంగా ఎదిగిన రాక్ సంగీతం. పెద్ద బ్యాండ్ అంటే ఇక్కడ నా ఉద్దేశం స్టేజ్ మీద మనుషులు ఎక్కువ ఉండే బ్యాండ్. 7 గురు, 10 మంది, కొన్నిట్లో 20 కూడా దాటుతారు. గిటార్, బేస్, డ్రమ్స్ ఎలాగూ ఉంటాయి, వాటితో పాటు వయొలిన్, చెల్లో, ట్రంపెట్, ట్రోంబోన్, అకార్డియన్, ఇద్దరు డ్రమ్మర్లు, మూడు కీబోర్డులు, కోరస్ పాడేవాళ్ళు, ఇలా. టొరాంటోలో బ్రోకెన్ సోషల్ సీన్, మాంట్రియల్‌లో ఆర్కేడ్ ఫైర్, గాడ్‌స్పీడ్ యూ బ్లాక్ ఎంపరర్, గ్లాస్గోలో బెల్ అండ్ సెబాస్టియన్, డల్లాస్‌లో టిమ్ డీలాటర్ 2000లో మొదలుపెట్టిన పాలిఫోనిక్ స్ప్రీ, వీళ్ళందరూ ఆ కోవలోకే వస్తారు. పాలిఫోనిక్ స్ప్రీ అయితే అందరూ పొడుగాటి అంగీలు వేసుకుని 20 మందికి పైగా ఒకేసారి గొంతెత్తుతారు.

ఇలాంటి బ్యాండ్‌ని నలుగురు ఉండే బ్యాండ్‌ని చూసినట్టే చూస్తే సగం మిస్సవుతాం అనేది నా గట్టి నమ్మకం. చాలామంది టికెట్ దొరకగానే పొద్దున్నే వెళ్ళి లైన్లో నిలబడి బ్యారికేడ్‌కి అతుక్కుని, పాడే మనిషి మొహమే రెండు గంటలు చూసి వచ్చేస్తారు. అది తప్పని అనను, కానీ వెనక ట్రోంబోన్ పట్టుకుని మూడు నిమిషాలు ఊరికే నిలబడి, నాలుగో నిమిషంలో ఒక్క పొడుగు స్వరం ఊది పాట మొత్తాన్ని పైకి లేపేసిన మనిషిని వాళ్ళు చూసి ఉండరు. ఆ మనిషి కోసమే ఈ గైడ్ రాస్తున్నా.

టికెట్ కొనే ముందు

ఫస్ట్ చూడాల్సింది, ఈ టూర్‌లో ఎవరెవరు వస్తున్నారు. పెద్ద బ్యాండ్లలో లైనప్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. బ్రోకెన్ సోషల్ సీన్‌ని కెవిన్ డ్రూ, బ్రెండన్ కానింగ్ 1999లో మొదలుపెట్టారు, ఆ ఇద్దరి చుట్టూ ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు చేరతారు, ఒక షోలో సింగర్ లెస్లీ ఫైస్ట్ ఉండొచ్చు ఇంకో షోలో ఉండకపోవచ్చు, ఇంకో సింగర్ ఎమిలీ హేన్స్ కూడా అంతే. మీరు ఒక గొంతు కోసమే వెళ్తుంటే బ్యాండ్ పేజీలో ఈ మధ్య పెట్టిన ఫొటోలు, వీడియోలు చూసుకోండి. లండన్ బ్యాండ్ బ్లాక్ కంట్రీ న్యూ రోడ్ సంగతి ఇంకా స్ట్రాంగ్ ఉదాహరణ, 2022లో రెండో ఆల్బమ్ రావడానికి కొద్ది రోజుల ముందు వాళ్ళ సింగర్ ఐజాక్ వుడ్ బయటికి వెళ్ళిపోయాడు, మిగిలిన 6 గురు అతను పాడిన పాటలు ఇక వాయించకూడదని నిర్ణయించుకుని పూర్తిగా కొత్త పాటలతో ఆ ఏడాది షోలు చేశారు. తెలియకుండా వెళ్తే నిరాశ, తెలిసి వెళ్తే మాత్రం ఒక బ్యాండ్ మన కళ్ళ ముందే మళ్ళీ పుట్టడం చూసినట్టు.

రెండోది ఫెస్టివల్‌లో చూడాలా, సొంత షోలో చూడాలా. ఛాయిస్ ఉంటే సొంత షోకే వెళ్ళండి, ఇందులో నాకు రెండో మాట లేదు. ఫెస్టివల్‌లో ఒక బ్యాండ్ దిగి ఇంకో బ్యాండ్ ఎక్కడానికి టైం చాలా తక్కువ ఇస్తారు, పూర్తి సౌండ్‌చెక్ (షోకి ముందు వాయించి సౌండ్ సరిచూసుకోవడం) ఉండదు, ఒక్కో మైక్ పనిచేస్తుందా లేదా అని గబగబా చూసుకుని మొదలుపెట్టేస్తారు. నలుగురున్న బ్యాండ్‌కి అది సరిపోతుంది. 10 మంది ఉన్న బ్యాండ్‌కి మైకులు, కేబుల్ లైన్లు అన్నీ కలిపి 40 దాటడం మామూలే, అవన్నీ సర్దుకునేసరికి నాలుగు పాటలు అయిపోతాయి, ఈలోపు వయొలిన్ ఎక్కడుందో ఎవరికీ వినపడదు, సెట్ (ఒక బ్యాండ్ వరసగా వాయించే పాటలు) కూడా గంటలోపే ముగుస్తుంది.

మూడోది, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాంలే అని వాయిదా వేయకండి. ఇంతమందిని ఊళ్ళు తిప్పడం చాలా ఖర్చు. టూర్ బస్సులో సాధారణంగా 12 మంది పడుకునే బెర్తులు ఉంటాయి, బ్యాండే 9 మంది అయితే సౌండ్, లైట్లు, మెర్చ్ (టీషర్టులు, రికార్డుల అమ్మకం) చూసేవాళ్ళని కలిపితే 12 దాటిపోయి ఇంకో బస్సు కావాలి, రూములు, వీసాలు, సామాన్ల రవాణా అన్నీ తలకి ఇంత అని పెరుగుతూ పోతాయి. నలుగురే ఉండే ఆనిమల్ కలెక్టివ్ కూడా 2022లో ఖర్చులు గిట్టుబాటు కావట్లేదని చెప్పి యూరప్ టూర్ రద్దు చేసుకున్నారు. అలాంటప్పుడు 10 మంది బయల్దేరి మీకు అందే దూరంలోకి వచ్చారంటే అది చిన్న విషయం కాదు, వెళ్ళండి.

టికెట్ దొరక్కపోతే వెంటనే ఆశ వదులుకోవద్దు. బ్యాండ్ మెయిలింగ్ లిస్టులో చేరితే ప్రీసేల్ కోడ్ (అందరికంటే ముందు టికెట్ కొనుక్కునే కోడ్) ముందే వస్తుంది, అది అందరికంటే సులువైన దారి. డైస్ లాంటి యాప్‌లలో వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది, ట్వికెట్స్ లాంటి చోట అసలు ధర దాటకుండా ఫ్యాన్సే ఫ్యాన్స్‌కి అమ్ముకుంటారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, స్టేజ్ ఎంత చోటు పడుతుందో, సౌండ్ డెస్క్ ఎక్కడ పెడతారో తేలేవరకు కొన్ని సీట్లు పక్కన ఆపి ఉంచుతారు, సెటప్ అయ్యాక మిగిలినవి షోకి ఒకట్రెండు రోజుల ముందో అదే రోజో మామూలుగా అమ్మకానికి వదిలేస్తారు. అందుకే ఆ రోజు మధ్యాహ్నం ఒకసారి వెన్యూ సైట్ చూడండి.

వెళ్ళే ముందు ఎలా వినాలి

ఆల్బమ్ పదిసార్లు వినడం కంటే లైవ్ సెషన్ వీడియో రెండుసార్లు శ్రద్ధగా చూడటం ఎక్కువ పనికొస్తుంది. సియాటిల్ రేడియో స్టేషన్ కెఈఎక్స్‌పీ వీడియోలు, ఎన్‌పీఆర్ వాళ్ళ టైనీ డెస్క్ వీడియోలు ఇందుకు చాలా బాగుంటాయి, కెమెరా చేతుల మీదకి వెళ్తుంది కాబట్టి ఏ శబ్దం ఎవరి దగ్గర్నుంచి వస్తుందో అర్థమవుతుంది. రికార్డులో గిటార్ అనుకున్నది నిజానికి అకార్డియన్ అని తెలుస్తుంది, ఒకే మనిషి రెండు వాద్యాలు మారుస్తున్నట్టు తెలుస్తుంది. ఆర్కేడ్ ఫైర్‌లో రెజీన్ షసాన్ని చూడండి, అకార్డియన్ వాయించి, కీబోర్డ్ దగ్గరికి వెళ్ళి, ఇంకో పాటకి డ్రమ్స్ వెనక కూర్చుంటుంది. ఇలా ముందే కొంచెం తెలిసి ఉంటే షోలో కళ్ళు ఎటు తిప్పాలో తెలుస్తుంది.

సెట్‌లిస్ట్, అంటే ఆ రాత్రి వాయించే పాటల జాబితా, ముందే చూడాలా వద్దా అనే గొడవ ఎప్పుడూ ఉండేదే. నేనైతే షో ఎంతసేపు ఉంటుందో తెలుసుకోవడానికి మాత్రం సెట్‌లిస్ట్ డాట్ ఎఫ్ఎమ్ సైట్ చూస్తా, పాటల వరస చదవను. మెల్‌బోర్న్ బ్యాండ్ కింగ్ గిజార్డ్ అండ్ ద లిజర్డ్ విజర్డ్ లాంటివాళ్ళ విషయంలో అది చూసీ లాభం లేదు, రోజుకో సెట్ మారుస్తారు, 2022లో అమెరికాలో రెడ్ రాక్స్ అనే ఓపెన్ ఎయిర్ వెన్యూలో మూడు రాత్రులు దాదాపు మూడేసి గంటలు వాయించి ఒక్క పాట కూడా రిపీట్ చేయలేదు.

ఎక్కడ నిలబడాలి, ఇది అన్నిటికంటే ముఖ్యం

మొదటి వరసలో ఏం జరుగుతుందంటే, పెద్ద స్పీకర్లు మీ తలమీదుగా, పక్కలనుంచి వెనక్కి సౌండ్ పంపిస్తుంటాయి, మీకేమో స్టేజ్ మీద ఆంప్‌ల (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టెల) నుంచి, డ్రమ్స్ నుంచి నేరుగా వచ్చేది ఎక్కువ వినపడుతుంది. అంటే మీ ఎదురుగా ఏ గిటార్ ఆంప్ ఉంటే ఆ రాత్రంతా మీకు అదే. పాట మాటలు మసకగా, ట్రంపెట్ ఎక్కడో దూరంగా, వయొలిన్ అస్సలు లేనట్టుగా ఉంటుంది. కొన్ని చోట్ల స్టేజ్ అంచున ముందువాళ్ళ కోసం చిన్న స్పీకర్లు పెడతారు, కాస్త నయం, కానీ అన్ని వాద్యాలూ కలిసిన మొత్తం మిక్స్ ఎప్పటికీ అక్కడ దొరకదు. పైగా అంత దగ్గర్నుంచి 10 మంది కనపడరు, ముందున్న ఇద్దరు ముగ్గురే కనపడతారు.

సౌండ్ ఇంజినీర్ కూర్చునే డెస్క్ ఎక్కడుందో చూడండి, సాధారణంగా హాలు మధ్యలో కాస్త వెనక్కి ఉంటుంది. ఆ మనిషి తన చెవులకి బాగా వినపడేలా ఆ 40 లైన్లనీ కలుపుతున్నాడు కాబట్టి ఆ డెస్క్ ముందు నాలుగైదు అడుగుల దూరంలో మధ్యగా నిలబడితే వాళ్ళు మనకి వినిపించాలనుకున్నది వినిపించాలనుకున్నట్టుగా వినపడుతుంది, వయొలిన్ తన చోట, బ్రాస్ (ట్రంపెట్, ట్రోంబోన్ లాంటివి) తన చోట, గొంతులు పైన తేలుతూ. పెద్ద బ్యాండ్‌కి హాలులో దీన్ని మించిన చోటు లేదు. డెస్క్ వెనక అయితే అడ్డంకులు, లోపలికీ బయటికీ తిరిగేవాళ్ళు ఎక్కువ, కాబట్టి ముందే నిలబడండి.

తప్పించుకోవాల్సిన చోట్లు కూడా చెప్తా. గోడల పక్క, మూలల్లో బేస్ పేరుకుపోయి అంతా గుయ్యిమంటుంది. బాల్కనీ కింద బాగా లోపలికి వెళ్తే పై స్వరాలు అడ్డుపడి పక్క గదిలోంచి విన్నట్టు ఉంటుంది. ఒకవైపు స్పీకర్ గుట్ట ముందు అస్సలు వద్దు, చెవులకీ మంచిది కాదు. బాల్కనీ మొదటి వరస మాత్రం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే స్టేజ్ మొత్తం మ్యాపులా కింద పరుచుకుని కనిపిస్తుంది, ఎవరు ఎవరికి కళ్ళతో సైగ చేస్తున్నారో, రెండో డ్రమ్మర్ ఎప్పుడు చేతులు ఎత్తుతున్నాడో అన్నీ తెలుస్తాయి. పొట్టిగా ఉన్నవాళ్ళు, రెండు గంటలు నిలబడలేనివాళ్ళు బాల్కనీ వదులుకోవద్దు. వీల్‌చైర్ వాడేవాళ్ళు, ఎక్కువసేపు నిలబడటం కష్టమైనవాళ్ళు టికెట్ కొన్న వెంటనే వెన్యూకి రాయండి, చాలా చోట్ల ఎత్తు మీద ప్లాట్‌ఫామ్ ఉంటుంది, అది తొందరగా నిండిపోతుంది.

గాడ్‌స్పీడ్ లాంటి బ్యాండ్‌కి ఇంకా వెనక్కి వెళ్ళినా నష్టం లేదు. వాళ్ళలో మైక్ పట్టుకుని పాడే మనిషే లేడు, మాట్లాడరు, ఒక్కో పీస్ 20 నిమిషాల దాకా సాగుతుంది, వెనక తెర మీద 16 ఎంఎం ప్రొజెక్టర్లతో ఫిల్మ్ లూపులు అక్కడికక్కడే వేస్తారు, ఆ ప్రొజెక్టర్లు నడిపే మనిషి కూడా బ్యాండ్‌లో ఒకరికింద లెక్క. బెల్ అండ్ సెబాస్టియన్‌కి దీనికి పూర్తిగా రివర్స్, చివర్లో ముందున్నవాళ్ళని స్టేజ్ మీదకి పిలిచి డాన్స్ చేయిస్తారు, ఆ సరదా కావాలంటే ఆ రోజు ముందుకే వెళ్ళండి. అమెరికన్ బ్యాండ్ ద నేషనల్ షోలో సింగర్ మ్యాట్ బెర్నింగర్ పొడుగాటి మైక్ కేబుల్ ఈడ్చుకుంటూ జనంలోకి వచ్చేస్తాడు, మధ్యలో ఉన్నవాళ్ళకీ దగ్గరగా కనిపిస్తాడు. 2017లో ఆర్కేడ్ ఫైర్ హాలు మధ్యలో స్టేజ్ వేసి చుట్టూ జనాన్ని పెట్టారు, అలాంటప్పుడు ముందు వెనక అనేదే ఉండదు. కాబట్టి ఆ టూర్ వీడియో ఒకటి చూసి చోటు డిసైడ్ అవ్వండి.

షో మొదలయ్యాక

మొదటి పాట ముద్దగా వినపడితే కంగారు పడొద్దు. సాయంత్రం సౌండ్‌చెక్ చేసింది ఖాళీ హాలులో, ఇప్పుడు నిండా మనుషులున్నారు, ఒంటికీ బట్టలకీ సౌండ్ బాగా ఇంకిపోతుంది, అందుకని ఇంజినీర్ మొదటి రెండు మూడు పాటలు సరిచేస్తూనే ఉంటాడు. మూడో పాటకి ఒక్కసారిగా తెర తీసినట్టు క్లియర్ అవుతుంది, అది గమనించండి, బాగుంటుంది. అప్పటికీ సర్దుకోకపోతే మీరే నాలుగడుగులు మధ్యకి జరిగి చూడండి.

ఇక అసలు పద్ధతి. ఒక్కో పాటకి ఒక్కో మనిషిని ఎంచుకోండి. ఈ పాటంతా వయొలిన్ వాయించే ఆమెని చూస్తా, తర్వాత పాట బేస్, ఆ తర్వాత ఎడమ చివర గ్లాకెన్‌స్పీల్ (చిన్న సుత్తులతో కొట్టే లోహపు పట్టీల వాద్యం) ముందు నిలబడ్డ కుర్రాడు. ఆ మనిషి వాయించేది వినడం ఎంత ముఖ్యమో వాయించనప్పుడు ఏం చేస్తున్నాడో చూడటం కూడా అంతే ముఖ్యం. ఇలాంటి బ్యాండ్ గొప్పతనం అందరూ కలిసి మోతెక్కించడంలో ఉండదు, అది ఎవరైనా చేస్తారు. ఉమ్మడి కుటుంబంలో ఎప్పుడు నోరు విప్పాలో ఎప్పుడు ఊరుకోవాలో తెలిసిన మనుషులు ఉంటే ఇల్లు ఎలా సాగుతుందో వీళ్ళ పాట అలా సాగుతుంది, 9 మందిలో 6 గురు చేతులు కట్టుకుని నిలబడి ముగ్గురికి చోటు ఇస్తారు, తర్వాత ఒక్కొక్కరుగా వచ్చి చేరతారు. ఆ చేరడాన్ని లెక్కపెట్టండి. ఇప్పుడు చెల్లో వచ్చింది, ఇప్పుడు రెండో గొంతు, ఇప్పుడు ఫ్లోర్ టామ్ అనే పెద్ద డ్రమ్. ద నేషనల్‌తో టూర్ చేసే కైల్ రెస్నిక్ ట్రంపెట్, బెన్ లాంజ్ ట్రోంబోన్ విని చూడండి, ఎక్కువ పాటల్లో వాళ్ళు పెద్దగా ఊదరు, కిందనుంచి మెల్లగా పట్టి లేపుతారు, వాళ్ళు ఆగగానే ఏదో తగ్గింది అనిపించి అప్పుడు తెలుస్తుంది వాళ్ళు ఉన్నారని.

ఇద్దరు డ్రమ్మర్లు ఉంటే ఒక పాట పూర్తిగా వాళ్ళకే ఇచ్చేయండి. ఇద్దరూ ఒకే దెబ్బ కొడుతున్నారా, ఒకరు తాళం పట్టుకుంటే ఇంకొకరు అంచుల్లో అల్లుతున్నారా, ఎవరు ఎవరి వైపు చూస్తున్నారు. పాట ఎప్పుడు ఆగాలో, ఇంకో రౌండ్ వెళ్ళాలో కళ్ళతోనే మాట్లాడుకుంటారు. చివరి పాటల్లో మాత్రం ఇవన్నీ వదిలేసి మొత్తం మీద పడనివ్వండి, మీకు తెలిసిన కోరస్ అయితే గట్టిగా పాడండి, అందరూ కలిసి పాడటానికే రాసిన పాటలు ఇవి. మెల్లగా వాయించే చోట మాత్రం దయచేసి పక్కవాళ్ళతో కబుర్లు వద్దు, ఒక్క వయొలిన్ సన్నగా వాయిస్తున్నప్పుడు పది అడుగుల దూరంలో మాటలు చాలు దాన్ని మింగేయడానికి.

ఓపెనింగ్ బ్యాండ్‌ని స్కిప్ చేయొద్దని కూడా చెప్పాలి. పెద్ద ఇండీ బ్యాండ్లు తమకి నచ్చినవాళ్ళనే వెంట తెచ్చుకుంటారు ఎక్కువగా, ఆ బ్యాండ్ మెంబర్లే తర్వాత మెయిన్ సెట్‌లో వచ్చి వాయించడమూ జరుగుతుంది. వెన్యూ వాళ్ళు అదే రోజు ఎవరు ఎన్నింటికో టైమింగ్స్ పెడతారు, చూసుకోండి.

చెవులు

దీన్ని సీరియస్‌గా తీసుకోండి. అమెరికాలో పని చోట ఆరోగ్య భద్రత గురించి చూసే ఎన్ఐఓఎస్‌హెచ్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ రోజుకి 8 గంటలు భరించొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైం సగం అవుతుంది, అంటే 100 దగ్గర 15 నిమిషాలే. డబ్ల్యూహెచ్ఓ 2022లో షోలు, క్లబ్బుల కోసం పెట్టిన ప్రమాణంలో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదన్నారు. రాక్ షో ఆ దరిదాపుల్లోనే రెండు గంటలు నడుస్తుంది. కాబట్టి ఇయర్ ప్లగ్స్ తప్పనిసరి. మామూలు ఫోమ్ ప్లగ్స్ పై స్వరాల్ని ఎక్కువ కోసేస్తాయి, వయొలిన్లు గ్లాకెన్‌స్పీల్ అవే పోతాయి ముందు, అందుకే మ్యూజిషియన్స్ కోసం చేసే ప్లగ్స్ తీసుకోండి, అన్ని స్వరాల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి, మిక్స్ అలాగే ఉంటుంది వాల్యూమ్ మాత్రం తగ్గుతుంది. చాలాసార్లు అవి పెట్టుకుంటేనే వాద్యాలు విడివిడిగా స్పష్టంగా వినపడతాయి. షో తర్వాత చెవుల్లో హోరు ఉంటే ఒకట్రెండు రోజులు హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టండి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

జనం, ఫోను, మెర్చ్

నిలబడే షోలో తోపులాట మొదలైతే చేతులు ఛాతీ ముందు మడిచి పెట్టుకోండి, ఊపిరికి చోటు ఉంటుంది. జనం ఊగేటప్పుడు ఎదురు నెట్టొద్దు, ఊపు తగ్గగానే ఏటవాలుగా పక్కకి జరుగుతూ బయటపడండి. కింద ఎవరైనా పడితే అన్నీ ఆపి ముందు లేపండి. 2000లో డెన్మార్క్‌లో రోస్కిల్డ్ ఫెస్టివల్‌లో జనం తొక్కిసలాటలో 9 మంది చనిపోయారు, అందుకే ఇది మామూలు మాట కాదు.

ఫోన్‌లో ఒక పాటలో కాస్త వీడియో తీసుకుని లోపల పెట్టేయండి. 10 మందీ ఫ్రేమ్‌లో పట్టరు, చిన్న మైక్‌కి అంత బేస్ ఎక్కితే మిగతావన్నీ పగిలిపోతాయి. కింగ్ గిజార్డ్ లాంటి బ్యాండ్లు లైవ్ రికార్డింగులు బోలెడన్ని బయటికి వదులుతాయి, ఫ్యాన్స్‌ని కూడా పంచుకోనిస్తాయి, అవి వెతుక్కోండి.

కొనాలనుకుంటే మెర్చ్ టేబుల్ దగ్గర షోకి ముందే కొనండి, సైజులు అయిపోతాయి, బయటికి వచ్చేటప్పుడు లైన్ కదలదు. టికెట్ డబ్బు ఇంతమందికి పంచితే ఒక్కొక్కరికి మిగిలేది కొంచెమే, అందుకని ఈ టేబుల్ వీళ్ళకి చాలా ముఖ్యం. కొన్ని వెన్యూలు అందులోనూ కమీషన్ తీసుకుంటాయి, అది ఆపాలని బ్రిటన్‌లో ఫీచర్డ్ ఆర్టిస్ట్స్ కొయలిషన్ అనే కళాకారుల సంఘం 2022లో కమీషన్ తీసుకోని వెన్యూల లిస్ట్ పెట్టింది. వీలైతే వాళ్ళ సొంత సైట్‌లోనో బ్యాండ్లు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్‌లోనో కూడా కొనొచ్చు.

ఇంటికెళ్ళాక ఒక పని చేయండి. షోలో మీరు కళ్ళప్పగించి చూసిన ఆ ఒక్క మనిషి పేరు వెతకండి. సింగర్ సాధారణంగా సెట్ మధ్యలో అందర్నీ పేరుపేరునా పరిచయం చేస్తారు, అప్పుడు గుర్తుపెట్టుకోండి, లేదంటే ఆల్బమ్ క్రెడిట్స్‌లో దొరుకుతుంది. ఇలాంటి బ్యాండ్లలో దాదాపు ప్రతి ఒక్కరికీ ఇంకో బ్యాండో సొంత రికార్డులో ఉంటాయి, బ్రోకెన్ సోషల్ సీన్ నుంచే ఫైస్ట్ పాటలు, మెట్రిక్, స్టార్స్ అనే బ్యాండ్లు ఇలా మూడు దార్లు వెళ్తాయి. ఆ మనిషి సొంత టూర్‌కి వస్తే బహుశా చిన్న గదిలోనే వాయిస్తారు, ఆ టికెట్ సులువుగానే దొరుకుతుంది, అప్పుడు మాత్రం మొదటి వరసలోనే నిలబడండి.